తర్వాతి గీత ముందే తెలిసిన బొమ్మలు: వాకిటి ముగ్గు నుంచి కాగితం దాకా

ధనుర్మాసంలో తెల్లవారుజామున కోనసీమలో ఏ వీధిలోకి వెళ్ళినా ఒక సంగతి కనిపిస్తుంది. వాకిట్లో కళ్ళాపి చల్లి చుక్కలు పెడుతున్న ఇల్లాలిని పలకరిస్తే జవాబు రాదు. వచ్చినా "ఉండండి, లెక్క తప్పుతుంది" అనే వస్తుంది. అదే మనిషి చుక్కలు పూర్తయి గీత మొదలుపెట్టాక, ఎదురింటి వాళ్ళతో తీరిగ్గా కబుర్లాడుతూ చెయ్యి ఆపకుండా ముగ్గు ముగిస్తుంది. ఈ తేడాకి కారణం చిన్నదే. ఆలోచించాల్సిందంతా చుక్కల దగ్గరే అయిపోయింది. ఎన్ని వరసలు, ఎంత ఎడం, నడిమి చుక్క ఎక్కడ అన్నవి తేలిపోయాక గీత ఎటు వెళ్ళాలో మళ్ళీ మళ్ళీ తేల్చుకోనక్కర్లేదు. చేతికి పని ఉంటుంది, బుర్రకి భారం ఉండదు.

ఒకే డిజైనును మళ్ళీ మళ్ళీ గీస్తూ మనసును కుదుటపరచుకునే అలవాటు ఇప్పుడు ప్రపంచమంతటా ఉంది. పెన్నుతో, చిన్న అట్టముక్క మీద, రబ్బరు వాడకుండా గీసే జెంటాంగిల్ పద్ధతి వాటిలో బాగా పేరున్నది. అమెరికాకు చెందిన రిక్ రాబర్ట్స్, మరియా థామస్ దంపతులు దాన్ని 2000ల ఆరంభంలో రూపొందించారు. మూడున్నర అంగుళాల చదరపు ముక్క, నల్ల పెన్ను, నీడ వేయడానికి పెన్సిల్ ఉంటే చాలు. గోదావరి డెల్టాలో పెరిగినవాళ్ళకు దీని కిటుకు కొత్తదేమీ కాదు. అయితే వాకిటి ముగ్గును ఉన్నదున్నట్టు కాగితం మీదికి దించితే మాత్రం చాలామందికి విసుగు, మెడనొప్పి మిగులుతాయి. నేలా కాగితమూ ఒకటి కావు, పిండీ ఇంకూ ఒకటి కావు. తేడా ఎక్కడుందో తెలిస్తే ఆ విసుగు తప్పుతుంది.

ముందుగా, మనసు ఎందుకు నెమ్మదిస్తుందన్న ప్రశ్న. 2005లో అమెరికాలో నాన్సీ కర్రీ, టిమ్ కాసర్ 84 మంది డిగ్రీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ముందు వాళ్ళలో కాస్త ఆందోళన పుట్టించి, తర్వాత 20 నిమిషాలు రంగులు వేయించారు. కొందరికి గుండ్రటి మండలం బొమ్మ, కొందరికి అడ్డనిలువు గళ్ళ డిజైను, మిగిలినవాళ్ళకు ఉత్త తెల్లకాగితం ఇచ్చారు. మండలం, గళ్ళు వచ్చినవాళ్ళ ఆందోళన తగ్గింది. తెల్లకాగితం వచ్చినవాళ్ళకు ఆ మేలు కనబడలేదు. అది రంగులు వేయడం మీద జరిగిన పరీక్ష, గీతల మీద కాదు. అయినా కావలసిన ఆధారం అందులో ఉంది: "నీ ఇష్టం వచ్చింది వెయ్యి" అంటే మనసు నెమ్మదించదు. హద్దు ఉండాలి. ఆ హద్దులో చెయ్యి తిరగడానికి చోటూ ఉండాలి.

కబుర్లాడుతూ గీయడానికీ ఒక పరీక్ష ఉంది. బ్రిటన్‌లో జాకీ ఆండ్రేడ్ 40 మందికి విసుగు పుట్టించే ఫోను సందేశం ఒకటి వినిపించింది. వింటూనే కాగితం మీది చిన్న ఆకారాలను పెన్సిల్‌తో నింపినవాళ్ళకు, ఊరికే విన్నవాళ్ళకన్నా 29 శాతం ఎక్కువ గుర్తుంది. తేలికైన చేతిపని చెవిని మూసెయ్యదు. ఎటో పోయే ధ్యాసను అది ఇక్కడే కట్టేసి ఉంచుతుంది. రేడియో వింటూ, ఫోన్లో అమ్మతో మాట్లాడుతూ గీసుకోవడంలో తప్పేమీ లేదు. తెర చూస్తూ గీయడం మాత్రం కుదరదు, ఎందుకంటే రెండు పనులూ కంటినే అడుగుతాయి.

చుక్కల దగ్గర జరిగే తప్పు

ముగ్గుల్లో చుక్కలు రెండు రకాలు. నేరు చుక్కలంటే కింది వరస చుక్క పై వరస చుక్కకు సూటిగా వస్తుంది. సందు చుక్కలంటే పై వరసలోని రెండు చుక్కల సందులోకి వస్తుంది. "సందు చుక్క, 15 నుంచి 8" అంటే నడిమి వరసలో 15 పెట్టి, రెండు వైపులా ఒక్కొక్కటి తగ్గించుకుంటూ 8 దగ్గర ఆపడం. అన్నీ కలిపితే 169 చుక్కలు. కాగితం మీద కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు 7 నుంచి 4 సరిపోతుంది, మొత్తం 37. ఈ లెక్కలు గుర్తుంచుకుంటే గీత మొదలుకాకముందే తప్పు పట్టుకోవచ్చు. ఒక చుక్క తక్కువైతే ఎక్కడో ఒక మూల పువ్వుకు రేకు తగ్గుతుంది, అది సగం ముగ్గు పూర్తయ్యాక గాని బయటపడదు.

సందు చుక్కల్లో కాగితం మీద అందరూ చేసే పొరపాటు ఒకటుంది. చుక్కకూ చుక్కకూ సెంటీమీటరు ఎడం ఇచ్చి, వరసకూ వరసకూ కూడా సెంటీమీటరే ఇస్తారు. అప్పుడు పువ్వు గుండ్రంగా రాదు, నిలువుగా సాగుతుంది. మూడు చుక్కలు సమభుజ త్రిభుజంలా ఉండాలంటే వరసల ఎడం చుక్కల ఎడంలో 0.87 వంతు ఉండాలి. సెంటీమీటరుకు 8.7 మిల్లీమీటర్లన్నమాట. వాకిట్లో ముగ్గు వేసే చెయ్యి ఈ సంగతి అలవాటు మీద సర్దేసుకుంటుంది, స్కేలు పట్టుకుంటేనే దారి తప్పుతుంది. స్కేలు వద్దనుకుంటే రెండు చుక్కలు పెట్టి, మూడోది ఆ రెండింటికీ సమానదూరంలో కంటితో పెట్టి చూడవచ్చు. ఆశ్చర్యంగా, కన్ను ఇక్కడ పెద్దగా మోసం చెయ్యదు.

ఇంకొక జాగ్రత్త. మొదట నడిమి వరస, అందులోనూ మొదట నడిమి చుక్క పెట్టాలి. ఒక చివర మొదలుపెట్టి లెక్కిస్తూ పోతే చిన్న చిన్న తేడాలు పోగుపడి ఆ చివరి చుక్క అంచు దాటిపోతుంది. నడుమ మొదలుపెడితే తేడా రెండు పక్కలకూ పంచుకుపోతుంది.

మూడు వరసలు, నాలుగు చుక్కలు, ఒకే గీత

మనసు నెమ్మదించడానికి మెలికల ముగ్గును మించినది లేదు. చుక్కలను కలపకుండా వాటి చుట్టూ తిరుగుతూ బయల్దేరిన చోటికే వచ్చి కలిసే గీత అది. దీన్ని నేర్చుకోవడానికి నేరు చుక్కల్లో అతి మంచి కొలత 3 వరసలు, వరసకు 4 చుక్కలు. ఎడం సెంటీమీటరున్నర ఉంటే చేతికి వీలుగా ఉంటుంది.

గుర్తుంచుకోవలసినవి రెండే. పక్కపక్కనున్న ఏ రెండు చుక్కల నడుమైనా గీత ఏటవాలుగా, సరిగ్గా మధ్యలోంచి దాటుతుంది. అంచు దగ్గరికి వచ్చినప్పుడు బయటికి పోకుండా అంచు చుక్కను చుట్టి లోపలికి తిరుగుతుంది. ఎడమవైపు కింది మూల చుక్క కిందనుంచి మొదలుపెట్టండి. ఆ చుక్కకూ దాని కుడి చుక్కకూ నడుమనుంచి ఏటవాలుగా పైకి వెళ్ళాలి. అలా ఎక్కుతూ పోతే కుడివైపు పై మూల చుక్క వస్తుంది. దాని తలమీదుగా చుట్టి, కుడి పక్కనుంచి దిగి, మళ్ళీ ఏటవాలుగా కిందికి రావాలి. ఈసారి గీత ఎడమనుంచి రెండో చుక్క కింద తేలుతుంది. దాన్ని చుట్టి ఎడమవైపు నడిమి చుక్కకు, అక్కడినుంచి పైకి. ఇలా పోతుంటే 14 సార్లు అంచున మలుపు తిరిగి, గీత తనను తాను 17 చోట్ల దాటి, చివరికి మొదలైన చుక్క కిందికే వచ్చి కలుస్తుంది. ఏ చుక్కా ఒంటరిగా మిగలదు.

మొదటిసారి చాలామందికి గీత నాలుగో మలుపు దగ్గర తప్పుతుంది. పెన్ను మొనను చూస్తూ గీస్తారు కనుక. చూపు ఎప్పుడూ తర్వాత దాటబోయే సందు మీద ఉండాలి. సైకిలు తొక్కేవాడు చక్రాన్ని చూడడు, దారిని చూస్తాడు. అంచు మలుపుల దగ్గర గీత చుక్కకు మరీ దగ్గరగా పోవడం రెండో తప్పు. మూల చుక్క చుట్టూ గీత కన్నీటిబొట్టు ఆకారంలో రావాలి. ఇరుకైతే ముగ్గంతా నలిగినట్టుంటుంది. చుక్కకూ గీతకూ దూరం ఎడంలో సగముంటే నిండుగా కనిపిస్తుంది.

ఇప్పుడు అదే పద్ధతిలో 3 వరసలు 3 చుక్కలు వేసి చూడండి. గీత ముందుగానే మూసుకుపోతుంది, చుక్కలు మిగిలిపోతాయి. రెండో గీత మొదలుపెట్టాలి, ఆపైన మూడోది. ఇది చేతి తప్పు కాదు. వరసల సంఖ్యకూ, వరసలోని చుక్కల సంఖ్యకూ గరిష్ఠ సామాన్య భాజకం (గసాభా, అంటే రెండింటినీ శేషం లేకుండా భాగించే అతి పెద్ద సంఖ్య) ఎంతో, అన్ని విడి గీతలు వస్తాయి. 3, 4లకు అది ఒకటి, కనుక ఒకే గీత. 3, 3లకు మూడు. 4, 6లకు రెండు. 5, 7లకు మళ్ళీ ఒకటే. ఆరో తరగతిలో గసాభా నేర్చుకునే పిల్లలకు ఇంతకన్నా మంచి లెక్క దొరకదు. అంగోలాలోని చోక్వే ప్రజలు ఇసుకలో వేసే సోనా గీతల్లోనూ ఇదే సూత్రం ఉంది. మొజాంబిక్‌లో పనిచేసిన గణితవేత్త పౌలుస్ గెర్డెస్ ఆ గీతలనూ, తమిళనాట ముగ్గులైన కోలాలనూ కలిపి పరిశీలించాడు. మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, ఆయనతో పనిచేసినవాళ్ళు 1974లోనే కోలాలకు కంప్యూటరు వ్యాకరణం, అంటే గీతలను పేర్చే నియమాలు, రాశారు.

ఒకే గీత రాని కొలతలను ఒకే గీతగా మార్చుకునే ఉపాయం ఉంది, అది ఈ విద్యలో అన్నిటికన్నా రుచిగల భాగం. 3 బై 3 ముగ్గులో మూడు గీతలనూ మూడు రంగుల పెన్సిళ్ళతో వేయండి. రెండు వేర్వేరు రంగులు ఒకదాన్నొకటి దాటే చోటు వెతకండి. అక్కడ వాటిని దాటనివ్వకుండా, నడుమ చిన్న గోడ ఉన్నట్టు రెండింటినీ వంచి ఎవరిదారిన వాళ్ళను వెనక్కి పంపండి. అంతే, ఆ రెండు గీతలూ ఒకటైపోతాయి. గోడ అడ్డంగా పెట్టినా నిలువుగా పెట్టినా ఫలితం ఒకటే. ఇక మూడో గీతను కలపాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ముందు కలిపిన రెండు రంగుల మధ్యే ఇంకో దాటును విప్పితే, కలిసిన గీత మళ్ళీ విడిపోవచ్చు. అందుకని మొదటి మార్పు కాగానే కలిసిన గీతనంతా ఒకే రంగుతో మళ్ళీ దిద్దుకుని, మిగిలిన రంగు దాన్ని దాటే చోటే రెండో మార్పు చేయాలి. 7 బై 7కు ఇలాంటి మార్పులు ఆరు కావాలి. వాటిని ఎడమా కుడీ సరిసమానంగా అమర్చడం ఓ వారం రోజుల కాలక్షేపం.

ఒక్క మాట మాత్రం మరిచిపోకూడదు. ఈ వెతుకులాట మనసును ఆహ్లాదపరుస్తుంది గాని నెమ్మదింపజేయదు, ఇది చుక్కల లెక్కలాంటి పని. సాయంత్రం అలసి వచ్చి గీయడానికి కూర్చున్నప్పుడు కొత్త కొలత ఎత్తుకోకూడదు. నిన్ననే దారి తెలిసిన ముగ్గు వేయాలి.

డెల్టా గాలిలో కాగితం

ఈ హాబీ గురించి దొరికే సలహాలు ఎక్కువగా పొడిదేశాల నుంచి వచ్చినవి. అమలాపురంలోనో కాకినాడలోనో జూలై నెలలో అవి పనిచేయవు. గాలిలో తేమకు కాగితం ఉబ్బుతుంది, సన్నగీత అంచులు వెంట్రుకల్లా పాకుతాయి. జిరాక్సుకు వాడే 70, 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) కాగితం మీద ఈ బాధ ఎక్కువ. 200 జీఎస్ఎం పైబడిన గట్టి డ్రాయింగు కాగితం తీసుకుని 9 సెంటీమీటర్ల చదరాలుగా కోసుకుంటే ఏ4 షీటుకు ఆరు ముక్కలు వస్తాయి. సెంటీమీటరు ఎడంతో 7 బై 7 చుక్కలు పెట్టినా చుట్టూ సెంటీమీటరున్నర మార్జిను మిగులుతుంది. ప్రతి ఇంట్లో పేరుకుపోయే శుభలేఖల వెనకవైపు కూడా బాగుంటుంది, కానీ నున్నగా మెరిసేవి పనికిరావు. వాటి పూత ఇంకును పీల్చదు, అరచెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. గరుకు కార్డులనే ఏరుకోవాలి.

పెన్ను విషయంలో జెల్ పెన్నుతో మొదలుపెట్టడం తప్పు కాదు గాని, తడి గాలిలో జెల్ ఆలస్యంగా ఆరుతుంది. పిగ్మెంటు ఇంకు ఫైన్‌లైనర్లు (సన్నగీతల పెన్నులు) త్వరగా ఆరతాయి, ఆరాక నీరు తగిలినా చెదరవు. వాటిలో ఒక రకమైన పిగ్మా మైక్రాన్‌లో 01 నంబరు గీత 0.25 మిల్లీమీటర్లు, 05 నంబరుది 0.45. చిన్న ముక్క మీద వివరాలకు మొదటిది, మెలికల ముగ్గుకు రెండోది. వీటి మొన మెత్తటిది, గట్టిగా నొక్కితే నెలలోనే లోపలికి కుంగిపోతుంది. బాల్ పెన్ను అలవాటున్న చెయ్యి ముందుగా ఈ నొక్కుడు మానుకోవాలి. ఆ అలవాటు పోయిందంటే వేళ్ళ నొప్పి కూడా సగం పోయినట్టే.

ఏ రోజైనా ముక్క మూల ఒక గీత గీసి, పది లెక్కపెట్టి, వేలితో తుడిచి చూడాలి. అలికితే ఆ రోజు ఎడమనుంచి కుడికి, పైనుంచి కిందికి మాత్రమే గీయాలి, వెనక్కి రాకూడదు. ఎండాకాలం చెమట వేరే సంగతి. అరచేతి కింద ఒక కాగితపు మడత పెట్టుకోకపోతే చెమట పట్టిన చోట కాగితం ఇంకును సరిగా తీసుకోదు, గీత అక్కడక్కడ తెగుతుంది. వానాకాలంలో ముక్కలను మూత గట్టిగా పట్టే డబ్బాలో, మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ సంచులు రెండు వేసి దాచుకుంటే వంకర్లు తిరగవు.

నేలమీద ముగ్గుకూ ఇలాంటి లెక్కే ఉంది. ముగ్గురాయి పిండి బరువైనది, వేళ్ళ సందునుంచి ధారగా జారుతుంది. ఉత్త బియ్యప్పిండి తేలిక, తేమకు ఉండకడుతుంది. అందుకే రెండూ కలిపి, జల్లెడ పట్టి వాడతారు. కళ్ళాపి చల్లాక నేల మరీ తడిగా ఉంటే పిండి నీటిని పీల్చుకుని గీత బూడిదరంగుకు తిరుగుతుంది, మరీ ఆరిపోతే నిలవకుండా ఎగిరిపోతుంది. అడుగు వేస్తే పాదముద్ర పడీ పడనట్టున్నప్పుడు మొదలుపెట్టడం మేలు. ఒండ్రు నేలల్లో పేడ కళ్ళాపి దుమ్మును అణిచి ఉంచుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇసుక నేలల్లో పిండి గింజల సందుల్లోకి దిగిపోతుంది కనుక అక్కడ గీత కాస్త లావుగా వేసుకోవాలి. సిమెంటు వాకిలైతే నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండి గాని, తడి సుద్దముక్క గాని నిలుస్తాయి.

పొలుసులు

ముగ్గు రానివాళ్ళు, మగపిల్లలు, లెక్కలంటే జంకేవాళ్ళు ఇక్కడినుంచి మొదలుపెట్టవచ్చు. డెల్టాలో కళ్ళెదుట ఉన్నవన్నీ అల్లికలే: చేపలవల కళ్ళు, కొబ్బరాకు దడి, తాటాకు బుట్ట, ఉప్పాడ చీర మీది బుటాలు, వరికంకి. వాటిలో చేతికి అన్నిటికన్నా హాయినిచ్చేది చేప పొలుసు. గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు పులస ఒంటిమీద మెరిసే వరసలను గుర్తు చేసుకుంటే చాలు.

9 సెంటీమీటర్ల ముక్కలో చుట్టూ సెంటీమీటరు వదిలి 7 సెంటీమీటర్ల చదరం పెన్సిల్‌తో లేతగా గీయాలి. దానిలో అర సెంటీమీటరుకు ఒకటి చొప్పున అడ్డగీతలు, అవీ కనీకనిపించనంత లేతగా. పై అంచున సెంటీమీటరు వెడల్పున ఏడు అర్ధచంద్రాలు, గిన్నెలు వేలాడదీసినట్టు, ఒకదాని పక్కన ఒకటి. ప్రతి గిన్నె అడుగూ మొదటి అడ్డగీతను తాకాలి. రెండో వరస గిన్నెలు మొదటి వరస గిన్నెల అడుగున మొదలై పక్క గిన్నె అడుగున ముగుస్తాయి. అంటే ఈ వరసలో నిండు గిన్నెలు ఆరు, రెండు చివరలా సగం సగం. మూడో వరసలో మళ్ళీ ఏడు. ఇలా 14 వరసలు దిగేసరికి దాదాపు వంద పొలుసులు. ఆపైన ప్రతి పొలుసు లోపల మిల్లీమీటరు దూరంలో ఇంకో చిన్న గిన్నె, దాని లోపల పైనుంచి కిందికి మూడు సన్నగీతలు. తొందర లేకుండా చేస్తే మొత్తం అరగంట పని.

వరసలు నాలుగైదు దిగాక గిన్నెలు లోతు తగ్గి చదునవుతుంటే, చెయ్యి వేగం పెరిగిందని అర్థం. మనసు ఇంకేదో తలుచుకుంటోందన్నదానికి అది నమ్మకమైన గుర్తు. పెన్ను ఎత్తి, మూడు ఊపిరులు పీల్చి వదిలి, మళ్ళీ మొదలుపెడితే చాలు. ఊపిరికీ గీతకూ ముడిపెట్టడం కొందరికి నప్పుతుంది: ఒక్కో గిన్నెకు ఊపిరి వదలడం, పెన్ను పక్కకు జరిపేటప్పుడు పీల్చడం. కొందరికి అదే ఇంకో లెక్కై కూర్చుంటుంది. నప్పకపోతే వదిలెయ్యడం మంచిది. చివరి రెండు వరసల్లో పొలుసులు పెద్దవవుతుంటే కారణం అలసట, అక్కడ ఆపేసి రేపటికి ఉంచుకోవాలి. సగం బొమ్మను మర్నాడు అందుకోవడం చాలా తేలిక, ఎందుకంటే ఎక్కడ ఆగారో గీతే చెబుతుంది.

తప్పు గీత పడితే నేలమీద తడిచేత్తో తుడిచెయ్యవచ్చు. ఇంకుకు ఆ వీలు లేదు. అలాంటప్పుడు ఆ తప్పునే ఇంకో రెండు చోట్ల కావాలని వేస్తే అది డిజైనులో కలిసిపోతుంది. లేదంటే ఆ గదిని నలుపుతో నింపి, దానికి జతగా అవతలివైపు ఇంకోటి నింపాలి. నింపేటప్పుడు అంచునుంచి లోపలికి రావాలి, నడుమనుంచి బయటికి పోతే గీత దాటుతుంది. వైట్‌నరు జోలికి వెళ్ళకపోవడమే మేలు. దాని మీద ఫైన్‌లైనరు మొన పూడుకుపోతుంది, తెల్లటి మచ్చ కూడా తప్పుకన్నా ఎక్కువ కనిపిస్తుంది.

ఒంటి సంగతి కూడా చూసుకోవాలి. వాకిట్లో ముగ్గు వేసేటప్పుడు నడుము, భుజం, మోచెయ్యి అన్నీ కదులుతాయి. కాగితం మీద మూడు వేళ్ళు తప్ప ఏదీ కదలదు, అందుకే 20 నిమిషాలకే వేళ్ళు పట్టేస్తాయి. చెయ్యి తిప్పడానికి బదులు కాగితాన్ని తిప్పుకుంటూ ఉంటే మణికట్టు మీద భారం తగ్గుతుంది. చిన్న ముక్క ఎంచుకోవడానికి ఇదీ ఒక కారణం. పెన్నును మొనకు మరీ దగ్గరగా పట్టుకోకుండా రెండు వేళ్ళ ఎడం పైన పట్టుకోవాలి. వేళ్ళ కీళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు పెన్నుకు గుడ్డ చుట్టి లావు చేసుకుని, ముక్కను పెద్దది చేసుకుని, రెండు సెంటీమీటర్ల ఎడంతో మెలికల ముగ్గు వేస్తే హాయిగా సాగుతుంది. రోజూ నిద్రపట్టనంత ఆందోళన ఉన్నవాళ్ళు మాత్రం దీన్నే వైద్యమనుకోకుండా డాక్టరును కలవాలి.

నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో లేసు అల్లే ఆడవాళ్ళను చూసి "ఎంత ప్రశాంతంగా అల్లుకుంటున్నారో" అనుకునేవాళ్ళున్నారు. ఆ అల్లిక కూడా ఒకే ముడిని వేలసార్లు వేయడమే. దానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ ముక్కకు ఇంతని లెక్కగట్టి, ఫలానా రోజుకు అందించాల్సిన చేతికి ఆ పునరావృతం విశ్రాంతినివ్వదు. కళ్ళు లాగుతాయి, మెడ పట్టేస్తుంది. గీతకైనా దారానికైనా ఇదే వర్తిస్తుంది. ఎప్పుడు ఆపాలన్నది చేసే మనిషి చేతిలో ఉన్నంతసేపే అది మనసుకు హాయి. సంక్రాంతి ముగ్గుల పోటీకి సాధన చేస్తున్న అమ్మాయి ముఖం చూసినా ఈ తేడా తెలుస్తుంది. పోటీ మంచిదే, దానివల్లే ఎన్నో పాత ముగ్గులు బతికున్నాయి. కాకపోతే ఆ సాధనను మనసు కుదుటపడడానికి వేసే ముగ్గుతో కలపకూడదు. ఫోటో తీసి పదిమందికి పంపడం కోసమే గీసేవాళ్ళకూ ఇంతే. గీస్తున్నప్పుడే చూసేవాళ్ళ కళ్ళు గుర్తొస్తుంటే ప్రతి గీతా మళ్ళీ ఒక నిర్ణయమవుతుంది.

ఏడాదిలో ఈ అలవాటును మొదలుపెట్టడానికి అన్నిటికన్నా అనువైన కాలం నెలగంట పెట్టిన రోజు. అక్కడినుంచి భోగి దాకా దాదాపు 30 రోజులు వీధి వీధంతా అదే పనిలో ఉంటుంది. సాయంత్రం కాగితం మీద దారి తెలుసుకున్న ముగ్గును మర్నాటి పొద్దున్న వాకిట్లో వేయవచ్చు. కనుమ నాటికి రథం ముగ్గు వేసి, దాని తాడును పక్కింటి రథం దాకా లాగే వేళకు చెయ్యి బాగా తిరిగి ఉంటుంది.

కాగితం నుంచి నేలకు మారేటప్పుడు కొలత వేళ్ళతోనే. చుక్కకూ చుక్కకూ బెత్తెడు, అంటే నాలుగు వేళ్ళ వెడల్పు ఇస్తే, 15 చుక్కల నడిమి వరస సుమారు మీటరు వస్తుంది. జానెడు ఇస్తే మూడు మీటర్లు, దానికి వాకిలంతా కావాలి. బెత్తెడు ఎడానికి వరసల మధ్య మూడున్నర వేళ్ళు. నడిమి వరస ముందు పెట్టి, వీధివైపు సగం పూర్తిచేసి, తర్వాత గుమ్మంవైపు సగాన్ని వెనక్కి జరుగుతూ పెట్టుకుంటూ వస్తే పెట్టిన చుక్కల మీద కాలు పడదు. పిండి చిటికెడే తీసుకుని, బొటనవేలితో చూపుడువేలి మీద ఒకసారి రాస్తే చుక్క పడుతుంది. రెండుసార్లు రాస్తే అది చుక్క కాదు, కుప్ప. అరుగు మీదనుంచి ఎవరైనా పలకరిస్తే 169 పూర్తయ్యాకే జవాబు చెప్పాలి.